ఇంటికి వాటర్ సాఫ్ట్‌నర్ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కఠిన జలాన్ని మృదువుగా మార్చే సాఫ్ట్‌నర్ యంత్రం కొనేముందు తలెత్తే సందేహాల్లో సగానికి జవాబు దుకాణంలో దొరకదు. అది మన కుళాయి నీళ్లలోనూ, రోజూ మనం వాడే బకెట్ల లెక్కలోనూ, పైపులో ఉన్న ఒత్తిడిలోనూ ఉంటుంది. అందువల్ల కింది జవాబుల్లో యంత్రాల వర్ణన కంటే కొలతలకే ఎక్కువ చోటు దక్కింది.

మా ఇంటికి సాఫ్ట్‌నర్ అవసరమో కాదో ఎలా తెలుసుకోవాలి?

కుళాయి మూతి చుట్టూ తెల్లటి పెచ్చు కట్టడం, షవర్ రంధ్రాలు ఒక్కొక్కటిగా మూసుకుపోవడం, ఉతికి ఆరేసిన తువ్వాలు అట్టలా బిరుసెక్కడం, సబ్బు రుద్దితే నురగకు బదులు తెల్లటి తెట్టు తేలడం, ఇవన్నీ కఠిన జలానికి గుర్తులు. అయితే ఈ గుర్తులు కఠినత్వం ఉందని చెబుతాయి గాని ఎంత ఉందో చెప్పవు. ఆ ‘ఎంత’ తెలియకుండా ఏ సాఫ్ట్‌నర్ సరిపోతుందో తేల్చడం కుదరదు.

పెద్దగా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఒక సీసాలో కుళాయి నీళ్లు, మరొక సీసాలో అంతే పరిమాణంలో డిస్టిల్డ్ వాటర్ పోసి, రెండింటిలోనూ కొద్దిగా సబ్బు తురుము వేసి బాగా కుదిపి చూడండి; డిస్టిల్డ్ వాటర్‌లో నురగ నిలిచి, కుళాయి నీళ్లు పాలవిరుగుడులా మారితే అవి కఠిన జలమే. ఈ పరీక్షకు అసలైన సబ్బే వాడాలి. షాంపూలు, డిటర్జెంట్లు కఠిన జలంలోనూ నురగ ఇస్తాయి కాబట్టి వాటితో చూస్తే మోసపోతాం.

అంకె కావాలంటే చుక్కల కిట్ మేలు. కొలిచిన నీటిలో సూచిక పొడి వేయగానే అది ద్రాక్షరసం రంగు ఎరుపుకు తిరుగుతుంది. తరువాత ఈడీటీఏ అనే రసాయన ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ పోతే ఒక దశలో నీలంగా మారుతుంది. అప్పటికి ఎన్ని చుక్కలు పట్టాయన్నదే కఠినత్వం లెక్క. నీటిలో ముంచి చూసే రంగు పట్టీలు ఉజ్జాయింపుకు పనికొస్తాయి, కొనుగోలు నిర్ణయానికి మాత్రం చాలవు. బోరు నీళ్ల కఠినత్వం వర్షాకాలంలో ఒకలా, ఎండాకాలంలో మరొకలా ఉండవచ్చు. వీలైతే రెండు కాలాల్లోనూ కొలిచి, పెద్ద అంకెను లెక్కలోకి తీసుకోండి.

అందరూ ‘ఉప్పు నీళ్లు’ అంటారు. కఠిన జలమంటే ఉప్పు నీళ్లేనా?

కాదు. వాడుకలో రెండింటినీ కలిపి ఉప్పు నీళ్లనే అంటాం గాని, ఈ కలగాపులగం వల్లే చాలామంది తమకు అక్కరకురాని యంత్రం కొని తరువాత బాధపడతారు. నీటికి ఉప్పదనం ఇచ్చేది ప్రధానంగా సోడియం క్లోరైడ్. కఠినత్వం ఇచ్చేవి కాల్షియం, మెగ్నీషియం లవణాలు. సాఫ్ట్‌నర్ రెండో రకాన్ని మాత్రమే పట్టుకుంటుంది. నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలే నీటిని సాఫ్ట్‌నర్‌లోంచి పంపినా అవి ఉప్పగానే వస్తాయి.

టీడీఎస్ మీటరుతో కఠినత్వం తెలుస్తుందా?

తెలియదు. టీడీఎస్ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత తేలికగా ప్రవహిస్తుందో చూసి, కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. అందులో కాల్షియం ఎంత, సోడియం ఎంత అన్నది దానికి పట్టదు. టీడీఎస్ వెయ్యి చూపే నీటిలో కఠినత్వం రెండు వందలే ఉండవచ్చు, ఆరు వందలూ ఉండవచ్చు. ఇంకో చిత్రమేమంటే, చక్కగా పనిచేస్తున్న సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీటి టీడీఎస్ తగ్గదు. ఒక కాల్షియం అయాన్ (విద్యుదావేశమున్న కణం) స్థానంలో రెండు సోడియం అయాన్లు చేరతాయి కనుక కొద్దిగా పెరిగినా పెరుగుతుంది. అమర్చినవారు టీడీఎస్ మీటరు ముంచి ‘చూడండి, పనిచేస్తోంది’ అని నిరూపించబోతే, కఠినత్వం కిట్‌తో చూపించమని మర్యాదగా అడగండి.

కఠినత్వం ఎంత దాటితే సాఫ్ట్‌నర్ గురించి ఆలోచించాలి?

కఠినత్వాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతారు. దీన్నే పీపీఎం అని కూడా అంటారు. విస్తృతంగా వాడే వర్గీకరణ ప్రకారం 60 వరకు మృదు జలం, 61 నుంచి 120 వరకు ఒక మోస్తరు కఠినం, 121 నుంచి 180 వరకు కఠినం, 180 దాటితే మిక్కిలి కఠినం. విదేశీ యంత్రాల పుస్తకాల్లో గ్రెయిన్లు, జర్మన్ డిగ్రీలు కనిపిస్తాయి. గాలనుకు ఒక గ్రెయిన్ అంటే లీటరుకు 17.1 మిల్లీగ్రాములు, ఒక జర్మన్ డిగ్రీ అంటే 17.8 మిల్లీగ్రాములు, ఒక ఫ్రెంచ్ డిగ్రీ అంటే 10 మిల్లీగ్రాములు.

నా మట్టుకు 150 లోపు ఉన్న ఇంటికి సాఫ్ట్‌నర్ సిఫారసు చేయను. అప్పుడప్పుడు షవర్‌ను వెనిగర్‌లో నానబెట్టుకుంటే సరిపోతుంది. 200 నుంచి 300 మధ్య ఉంటే అది సౌకర్యానికి సంబంధించిన విషయం. 300 దాటి, నీళ్లు కాచే యంత్రాలు ఇంట్లో రెండు మూడు ఉన్నప్పుడు మాత్రం సాఫ్ట్‌నర్ తన ఖర్చుకు న్యాయం చేస్తుంది.

మరిగిస్తే కఠినత్వం పోతుందని బడిలో చదువుకున్నాం. మరి సాఫ్ట్‌నర్ ఎందుకు?

మరిగిస్తే పోయేది తాత్కాలిక కఠినత్వం, అంటే బైకార్బొనేట్ల వల్ల వచ్చేది. వేడికి కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా అడుగుకు దిగుతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల కలిగే శాశ్వత కఠినత్వం ఎంత మరిగించినా కదలదు. అసలు గీజర్‌లో జరుగుతున్నది కూడా ఈ మరిగించే చికిత్సే: నీటిలోంచి విడిపోయిన సున్నం వేడి కడ్డీ మీదే పేరుకుంటుంది. చాలా లవణాలు వేడి నీటిలో బాగా కరిగితే, కాల్షియం కార్బొనేట్ అందుకు విరుద్ధంగా వేడెక్కే కొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే చన్నీళ్ల పైపు ఏళ్ల తరబడి బాగానే ఉన్నా వేడినీళ్ల పైపు పూడుకుపోతుంది.

సాఫ్ట్‌నర్ లోపల జరిగేదేమిటి?

నిలువు ట్యాంకులో మిల్లీమీటరు కంటే చిన్నవైన రెసిన్ (ప్లాస్టిక్ వంటి పదార్థం) గుళికలు ఉంటాయి. వాటి మీది రుణావేశ స్థానాలను మొదట సోడియం అయాన్లు ఆక్రమించి ఉంటాయి. నీరు వాటి మధ్య నుంచి దిగుతుండగా కాల్షియం, మెగ్నీషియం అయాన్లు గుళికలకు అంటుకుంటాయి, సోడియం అయాన్లు నీటిలోకి వస్తాయి. దీనినే అయాన్ వినిమయం అంటారు. ఈ సంగతి మొదట బయటపడింది ప్రయోగశాల గాజు పాత్రల్లో కాదు, పొలం మట్టిలో: 1850లో ఇంగ్లండ్‌లో థాంప్సన్, వే అనే ఇద్దరు, మట్టి అమ్మోనియాను పట్టుకుని బదులుగా కాల్షియాన్ని వదులుతుందని వెల్లడించారు. కృత్రిమ రెసిన్‌ను 1935లో అదే దేశంలో ఆడమ్స్, హోమ్స్ తయారు చేశారు.

కొన్ని రోజులకు సోడియం స్థానాలన్నీ కాల్షియంతో నిండిపోతాయి. అప్పుడు పక్కనున్న ఉప్పు ట్యాంకు నుంచి చిక్కని ఉప్పునీటిని రెసిన్ గుండా పంపుతారు. రెసిన్‌కు సోడియం మీద కంటే కాల్షియం మీదే మక్కువ ఎక్కువైనా, దాదాపు పది శాతం గాఢత ఉన్న ఉప్పునీటిలోని సోడియం మందను తట్టుకోలేక కాల్షియాన్ని వదిలేస్తుంది. ఆ కాల్షియం కాలువలోకి పోతుంది. ఈ పనినే రీజనరేషన్ అంటారు. వెనుక నుంచి కడగడం, ఉప్పునీరు పీల్చడం, నెమ్మదిగా కడగడం, వేగంగా కడగడం, ఉప్పు ట్యాంకును మళ్లీ నీటితో నింపడం అనే దశలన్నీ పూర్తవడానికి సాధారణంగా గంట నుంచి గంటన్నర పడుతుంది.

ఎంత సైజు సాఫ్ట్‌నర్ తీసుకోవాలి?

పొరపాట్లన్నీ ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి కాబట్టి ఈ లెక్కను నిదానంగా చూద్దాం.

మొదట రోజువారీ భారం కట్టాలి. నలుగురున్న ఇంట్లో మనిషికి 150 లీటర్ల చొప్పున రోజుకు 600 లీటర్లు వాడతారని, కఠినత్వం 400 అని అనుకుందాం. 600ను 400తో గుణిస్తే 2,40,000 మిల్లీగ్రాములు, అంటే రోజుకు 240 గ్రాముల కఠినత్వాన్ని రెసిన్ పట్టుకోవాలి. నీటిలో కరిగిన ఇనుము ఉంటే దాన్నీ కలపాలి. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఇనుముకు 70 నుంచి 85 మిల్లీగ్రాముల కఠినత్వం అదనంగా లెక్కించడం ఆనవాయితీ.

తరువాత రెసిన్ సామర్థ్యం. లీటరు రెసిన్ ఎంత పట్టుకోగలదన్నది ప్రతి రీజనరేషన్‌కు దానికి ఎంత ఉప్పు పెడుతున్నామన్న దానిపై ఆధారపడుతుంది. లీటరు రెసిన్‌కు 96 గ్రాముల ఉప్పు పెడితే సుమారు 46 గ్రాముల కఠినత్వాన్ని పట్టుకుంటుంది. 25 లీటర్ల రెసిన్ ఉన్న యంత్రమైతే 1,150 గ్రాములు. పై ఇంటికి అది దాదాపు అయిదు రోజులకు సరిపోతుంది. రీజనరేషన్‌ను సాధారణంగా రాత్రి వేళకు పెడతారు కాబట్టి అప్పటివరకు ఆగడానికి ఒక రోజు నిల్వ ఉంచుకుంటే నాలుగు రోజులకు ఒకసారి రీజనరేషన్ అన్నమాట. ఇది సబబైన అమరిక. అదే ఇంటికి పది లీటర్ల రెసిన్ పెడితే రెండు రోజులు కూడా నిలవదు. డెబ్బై లీటర్లు పెడితే నీళ్లు రెసిన్‌లో సన్నటి దారులు చేసుకుని పారడం, రెండు వారాల పాటు కదలిక లేక మురికి, సూక్ష్మజీవులు చేరడం వంటి బెడదలు వస్తాయి. మూడు రోజుల నుంచి వారం మధ్యలో రీజనరేషన్ పడేలా చూసుకుంటే చాలు.

మూడోది ప్రవాహ వేగం. రెసిన్‌లో అయాన్లు మారడానికి కొంత వ్యవధి కావాలి. లీటరు రెసిన్‌కు గంటకు 8 లీటర్ల నుంచి 40 లీటర్ల వరకు పారనివ్వవచ్చు. 25 లీటర్ల రెసిన్‌కు గరిష్ఠంగా గంటకు వెయ్యి లీటర్లు, అంటే నిమిషానికి పదహారు పదిహేడు లీటర్లు. ఒక షవర్, ఒక వంటింటి కుళాయి ఒకేసారి నడిస్తే ఇబ్బంది లేదు. మూడు షవర్లు ఒకేసారి తెరిచే ఇంటికి ఇది చాలదు.

అమ్మేవారు ‘వెయ్యి లీటర్ల సాఫ్ట్‌నర్’ అన్నప్పుడు అది గంటకు వెయ్యి లీటర్లా, రెండు రీజనరేషన్ల మధ్య వెయ్యి లీటర్లా అని తప్పక అడగండి. రెండోదైతే అది ఏ కఠినత్వానికి చెబుతున్న లెక్కో కూడా అడగాలి. 200 కఠినత్వానికి వెయ్యి లీటర్లు ఇచ్చేది 400కి అయిదు వందలే ఇస్తుంది.

ఉప్పు ఎక్కువ వేసేలా సెట్ చేస్తే ఎక్కువ రోజులు వస్తుంది కదా, మంచిదే కదా?

రోజులు పెరుగుతాయి గాని ఉప్పు పెరిగినంతగా పెరగవు. లీటరు రెసిన్‌కు 96 గ్రాముల బదులు 240 గ్రాములు పెడితే సామర్థ్యం 46 నుంచి 69 గ్రాములకు మాత్రమే చేరుతుంది; రెండున్నర రెట్ల ఉప్పుకు ఒకటిన్నర రెట్ల పని. ఒక రోజు నిల్వను పక్కనపెట్టి చూస్తే, పై ఉదాహరణలోని ఇంటికి మొదటి అమరికలో నెలకు సుమారు 15 కిలోల ఉప్పు పడితే, రెండో దానిలో అదే నీటికి 25 కిలోలు పడుతుంది. ఆ అదనపు పది కిలోలు నేరుగా మురుగుకాలువలోకి పోతాయి. కొన్ని యంత్రాలు ఫ్యాక్టరీ నుంచే ఎక్కువ ఉప్పు అమరికతో వస్తాయి. కాబట్టి అమర్చిన రోజే ఆ అంకెను చూసి తగ్గించమనడం మేలు. ఉప్పునీటిని కింది నుంచి పైకి పంపే వాల్వులు, అంటే కౌంటర్ కరెంట్ రకం, ఇంకా తక్కువ ఉప్పుతో పని కానిస్తాయి.

మాన్యువల్, టైమర్, మీటర్ రకాల్లో ఏది?

మాన్యువల్‌లో వాల్వును మనమే తిప్పాలి. మొదటి నెల శ్రద్ధగా తిప్పుతారు, మూడో నెలకు మరిచిపోతారు. మరిచినంత కాలం ఇంట్లోకి కఠిన జలమే వస్తుంది. టైమర్ రకం మీరు ఊరెళ్లినా సరే తేదీ ప్రకారం ఉప్పు ఖర్చు చేస్తుంది, చుట్టాలు వచ్చి నీళ్లు రెట్టింపు వాడినా పట్టించుకోదు. మీటర్ రకం పారిన లీటర్లు లెక్కపెట్టి అవసరమైనప్పుడే రీజనరేషన్‌కు వెళ్తుంది. ధర కాస్త ఎక్కువైనా ఇళ్లకు దీనినే నేను సూచిస్తాను. రాత్రింబవళ్లు నీళ్లు వాడే ఇంటికి రెండు రెసిన్ ట్యాంకులున్న జంట యంత్రం ఉంటుంది: ఒకటి కడుక్కుంటుండగా రెండోది పనిచేస్తుంది.

పై ట్యాంకు నుంచి వచ్చే నీటి ఒత్తిడి సాఫ్ట్‌నర్‌కు చాలుతుందా?

చాలా ఇళ్లలో చాలదు, ఈ మాట మాత్రం యంత్రం బిగించాక గాని తెలియదు. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. డాబా మీద ట్యాంకు, కింది అంతస్తులో సాఫ్ట్‌నర్ ఉంటే దక్కేది అర బార్, మహా అయితే ముప్పావు బార్. చాలా ఆటోమేటిక్ వాల్వులకు సుమారు 1.5 నుంచి 2 బార్లు కావాలి, ఎందుకంటే వాటిలో ఉప్పునీటిని పీల్చే పని పంపు చేయదు, సన్నని గొట్టంలో వేగంగా పారే నీరు చేస్తుంది. ఒత్తిడి లేకపోతే నీళ్లు పారుతూనే ఉంటాయి గాని ఉప్పు మాత్రం ట్యాంకులోనే ఉండిపోతుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, పై ట్యాంకు తరువాత ప్రెజర్ పంపు పెట్టి, దాని తరువాత సాఫ్ట్‌నర్ పెట్టడం. ఇది సవ్యమైన దారి. రెండోది, కింది సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు లైనులో పెట్టడం. ఇందులో రెండు చిక్కులున్నాయి. మోటారు నిమిషానికి యాభై లీటర్లు తోస్తే, 25 లీటర్ల రెసిన్‌కు అది భరించదగిన వేగానికి మూడు రెట్లు. నీళ్లు సగం కఠినంగానే పైకి చేరతాయి. పైగా రాత్రి రెండు గంటలకు రీజనరేషన్‌కు సెట్ చేస్తే ఆ వేళ మోటారు నడవదు, ఒత్తిడి ఉండదు. ఈ దారినే ఎంచుకోక తప్పకపోతే రెసిన్ పరిమాణాన్ని మోటారు వేగానికి తగ్గట్టు పెంచి, రీజనరేషన్ వేళను మోటారు నడిచే వేళకు కలపాలి.

అమర్చే చోట ఇంకా ఏమేం ఉండాలి?

దగ్గరలో మురుగు పైపు, కరెంటు ప్లగ్, ఉప్పు బస్తా ఎత్తి పోయడానికి వీలైన జాగా, ఎండ పడని నీడ ఉండాలి. నీటిని యంత్రంలోకి పోనివ్వకుండా నేరుగా ఇంట్లోకి మళ్లించే బైపాస్ వాల్వు లేకుండా బిగించనివ్వకండి. యంత్రం మొరాయించిన రోజు ఇల్లంతా నీళ్లు లేకుండా కూర్చోవలసి వస్తుంది. కాలువ గొట్టాన్ని నేరుగా మురుగు పైపులోకి దూర్చకుండా మధ్యలో కొంత గాలి ఖాళీ వదలాలి, లేకపోతే మురుగు వెనక్కి పీల్చుకునే ప్రమాదం ఉంది.

ఇల్లంతటికీ పెట్టాలా, స్నానాల గదులకు చాలా?

తోటకు, వాకిలి కడగడానికి, టాయిలెట్ ఫ్లష్‌కు మృదు జలం అవసరం లేదు. కొత్తగా కట్టుకుంటున్న ఇంట్లో వీటికి వేరే లైను వేయించుకుంటే సాఫ్ట్‌నర్ సైజు, ఉప్పు ఖర్చు రెండూ తగ్గుతాయి. ఇప్పటికే కట్టిన ఇంట్లో పైపులు విడదీయడం వీలుకాకపోతే, గీజర్లకు, వాషింగ్ మెషిన్‌కు వెళ్లే లైనుకు మాత్రమే చిన్న యంత్రం పెట్టుకోవడం కూడా తెలివైన పనే, ఎందుకంటే అసలు నష్టం జరిగేది వేడి చేసే చోటనే.

ఆ నీళ్లు తాగవచ్చా?

ఆరోగ్యవంతులు తాగితే సాధారణంగా ప్రమాదం లేదు, కానీ తాగడానికి వేరే కుళాయి ఉంచుకోవడమే మంచిది. 100 మిల్లీగ్రాముల కఠినత్వం తీసినప్పుడల్లా లీటరు నీటిలో 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. కఠినత్వం 400 ఉన్న నీళ్లను పూర్తిగా మృదువుగా చేస్తే లీటరుకు 184 మిల్లీగ్రాముల సోడియం అదనం. రెండు లీటర్లు తాగితే 368 మిల్లీగ్రాములు. పెద్దలు రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపు సోడియం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది కాబట్టి ఇది తీసిపారేయదగిన అంకె కాదు. ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పినవారికి, పసిపిల్లల పాలపొడి కలపడానికి ఈ నీళ్లు వాడకండి. కఠినత్వం మాత్రం దానికదే విషమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ పెట్టలేదు.

ఆర్‌ఓ ఉన్నప్పుడు సాఫ్ట్‌నర్ ఎందుకు?

రెండూ చేసే పనులు వేరు. ఆర్‌ఓ పొర దాదాపు అన్ని లవణాలనూ తీసేస్తుంది, అందుకు బదులుగా చాలా నీటిని వదిలేస్తుంది. తాగే నీళ్లకు అది సరే, స్నానానికి, ఉతుకుడుకు ఆ పద్ధతి దుబారా. ఆర్‌ఓకు ముందు సాఫ్ట్‌నర్ ఉంటే పొర మీద సున్నం కట్టదు కాబట్టి అది ఎక్కువ కాలం మన్నుతుంది, సాఫ్ట్‌నర్ చేర్చిన సోడియాన్ని కూడా చాలావరకు తీసేస్తుంది.

ఉప్పు అక్కరలేని సాఫ్ట్‌నర్లు నిజంగా పనిచేస్తాయా?

ఈ పేరు కింద మూడు నాలుగు రకాల సరుకు అమ్ముడవుతోంది, అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. టెంప్లేట్ అసిస్టెడ్ క్రిస్టలైజేషన్ అనే పద్ధతిలో కాల్షియం నీటిలోనే ఉంటుంది, అయితే అతిసూక్ష్మ స్ఫటికాలుగా మారి గోడలకు అంటకుండా కొట్టుకుపోతుంది. ఇది పెచ్చును తగ్గించగలదు. సబ్బు నురగను మాత్రం మెరుగుపరచదు, కిట్‌తో కొలిస్తే కఠినత్వం ముందెంత ఉందో తరువాతా అంతే చూపిస్తుంది. కనుక దాన్ని కండిషనర్ అనాలి గాని సాఫ్ట్‌నర్ అనకూడదు. పెచ్చు ఎంత తగ్గుతుందో తేల్చే జర్మన్ పరీక్షా విధానం డబ్ల్యూ 512 ఉంది. ఆ ఫలితం చూపగలిగిన సరుకును పరిశీలించవచ్చు. పాలీఫాస్ఫేట్ గుళికల డబ్బాలు గీజర్‌కో వాషింగ్ మెషిన్‌కో ముందు పెట్టుకుంటే కొంత రక్షణ ఇస్తాయి, గుళికలు కరిగిపోగానే ఆ రక్షణా పోతుంది.

పైపు చుట్టూ తగిలించే అయస్కాంతాలు, తీగ చుట్టే ఎలక్ట్రానిక్ పెట్టెల విషయంలో ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒక ఇంట్లో ఫలించింది కదా అని మీ ఇంట్లో ఫలిస్తుందని చెప్పే ఆధారం లేదు. వాటి మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

షవర్‌కు తగిలించే చిన్న ఫిల్టర్లు?

చాలావాటిలో ఉండేవి కార్బన్, క్లోరిన్‌ను తగ్గించే పదార్థాలు. అవి కఠినత్వాన్ని తీయవు. రెసిన్ ఉన్న చిన్న డబ్బా అయినా లెక్క మారదు: అర లీటరు రెసిన్‌కు 23 గ్రాముల సామర్థ్యమనుకుంటే, 400 కఠినత్వానికి అది 60 లీటర్లకు కూడా చాలదు. ఒకటి రెండు స్నానాలకు ఒకసారి ఉప్పునీళ్లతో కడిగే ఓపిక ఉన్నవారికి అది సరే.

మా నీళ్లలో ఇనుము, బురద, క్లోరిన్ కూడా ఉన్నాయి. సాఫ్ట్‌నర్ అన్నీ చూసుకుంటుందా?

చూసుకోదు సరికదా, అవే దాన్ని పాడుచేస్తాయి. బురద నీళ్లకు ముందు సెడిమెంట్ ఫిల్టర్ ఉండాలి. నీళ్లు పట్టినప్పుడు తేటగా ఉండి, కాసేపటికి ఎర్రబారితే అందులో కరిగిన ఇనుము ఉన్నట్టు. కొద్ది మోతాదును రెసిన్ పట్టుకుంటుంది గాని, ఇప్పటికే తుప్పు రేణువులుగా మారిన ఇనుము గుళికలను కప్పేస్తుంది. ఇనుము లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు దాటితే ముందుగా వేరే ఇనుము ఫిల్టర్ పెట్టుకోవడం శ్రేయస్కరం. క్లోరిన్ రెసిన్‌ను నెమ్మదిగా మెత్తబరుస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటి ఉంటే కార్బన్ ఫిల్టర్ ముందుండాలి. క్లోరిన్ తక్కువగా ఉన్న శుభ్రమైన నీటికి ఒకే రెసిన్ పదేళ్లకు పైగా పనిచేయడం మామూలే.

జుట్టు రాలడం, చర్మం పొడిబారడం తగ్గుతాయా?

కఠిన జలంలో సబ్బు తెట్టు చర్మానికీ జుట్టుకూ అంటుకుని బిరుసుగా అనిపించడం నిజమే, మృదు జలంతో ఆ భావన పోతుంది. అంతకు మించి వాగ్దానాలు నమ్మకండి. తామర (ఎగ్జిమా)తో బాధపడుతున్న 336 మంది పిల్లలపై బ్రిటన్‌లో జరిపిన ప్రయోగ ఫలితాలు 2011లో వెలువడ్డాయి; పన్నెండు వారాల పాటు ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టిన పిల్లలకు, పెట్టనివారి కంటే అదనపు మేలేమీ కనిపించలేదు. జుట్టు రాలుతుంటే ప్లంబర్ కంటే ముందు వైద్యుడిని కలవాలి.

స్నానం చేశాక ఒంటి మీద సబ్బు పోనట్టు జారుతోంది. యంత్రంలో లోపమా?

లోపం కాదు. ఇంతకాలం సబ్బుతో కలిసి గరుకైన తెట్టుగా మారిన కాల్షియం ఇప్పుడు లేదు. సబ్బు వాడకాన్ని సగానికి తగ్గించి చూడండి. అప్పటికీ నచ్చకపోతే, కొంత ముడి నీటిని కలిపే బ్లెండింగ్ వాల్వుతో కఠినత్వాన్ని 50 నుంచి 100 మధ్య నిలుపుకోవచ్చు. ఉప్పు కూడా ఆదా అవుతుంది.

ఏ ఉప్పు వాడాలి?

సాఫ్ట్‌నర్ల కోసం అమ్మే శుద్ధమైన బిళ్లల ఉప్పు. వంటకు వాడే సన్నని ఉప్పు ట్యాంకు అడుగున ముద్దకట్టి గొట్టాలకు అడ్డం పడుతుంది; మట్టి కలిసిన కల్లుప్పు, ఉప్పునీటిని పీల్చే ఇంజెక్టర్ సన్న రంధ్రాన్ని మూసేస్తుంది. లీటరు నీటిలో సుమారు 360 గ్రాములకు మించి ఉప్పు కరగదు కనుక ట్యాంకును నిండా పోసినంత మాత్రాన ద్రావణం చిక్కబడదు; నీటి మట్టం పైన కొంత ఉప్పు కనిపిస్తుంటే చాలు. సోడియం వద్దనుకునేవారు పొటాషియం క్లోరైడ్ వాడవచ్చు, కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవారి ఇంట్లో వైద్యుడిని అడగకుండా ఆ పని చేయకూడదు.

ఉప్పు ట్యాంకు నిండుగానే ఉంది, నీళ్లు మాత్రం మళ్లీ కఠినంగా వస్తున్నాయి. ఎందుకు?

మొదట ఒక కర్రతో ఉప్పును మెల్లగా గుచ్చి చూడండి. పైన గట్టి పొర కట్టి, కింద డొల్లగా ఉండవచ్చు. పైకి నిండుగా కనిపించినా నీటికి ఉప్పు తగలదు. అది కాకపోతే ఇంజెక్టర్ మూసుకుపోయిందేమో, ఒత్తిడి తగ్గిందేమో, ఎవరైనా బైపాస్ తెరిచి మరిచిపోయారేమో చూడాలి. ఈ చివరిదాన్ని చాలామంది ఆఖరున చూస్తారు, మొదటే చూస్తే మెకానిక్ ఖర్చు తప్పుతుంది. కరెంటు పోయి వచ్చాక గడియారం తప్పడం కూడా మామూలే.

కాలువలోకి పోయే నీళ్లు మొక్కలకు పెట్టవచ్చా?

వద్దు. ఒక్కో రీజనరేషన్‌కు ఇంటి యంత్రం సాధారణంగా వంద నుంచి రెండు వందల యాభై లీటర్లు వదులుతుంది. అందులో ఉన్న ఉప్పు వేర్లను ఎండగడుతుంది. మృదు జలం కూడా తోటకు మంచిది కాదు. దానిలోని సోడియం క్రమంగా చేరి బంకమట్టి నేలను గట్టిపరుస్తుంది, నీరు ఇంకనివ్వదు. తోటకు ముడి నీళ్లే మేలు.

కొనేముందు అమ్మేవారిని ఏం అడగాలి?

రెసిన్ ఎన్ని లీటర్లు, ఏ ఉప్పు మోతాదుకు ఎన్ని గ్రాముల సామర్థ్యం, వాల్వుకు కావలసిన కనీస ఒత్తిడి ఎంత, ఒక్కో రీజనరేషన్‌కు ఎన్ని లీటర్ల నీళ్లు పోతాయి, వాల్వు విడిభాగాలు విడిగా దొరుకుతాయా. ఇళ్ల సాఫ్ట్‌నర్లకు ఎన్‌ఎస్‌ఎఫ్/ఆన్సీ 44 అనే అమెరికా ప్రమాణం ఉంది. ధ్రువీకరణ ఉంటే కాగితం చూపమనండి. నీళ్లు పరీక్షించకుండానే, ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడగకుండానే మోడల్ పేరు చెప్పేవారి దగ్గర తొందరపడకండి.

ఇప్పటికే గీజర్‌లో పేరుకున్న పెచ్చు దానంతటదే కరిగిపోతుందా?

పాత పెచ్చు కొంతమేర వదులై ముక్కలుగా రాలవచ్చు, పూర్తిగా పోతుందని ఆశించకండి. సాఫ్ట్‌నర్ నడక మొదలయ్యే ముందే గీజర్‌ను ఒకసారి శుభ్రం చేయించడం మంచిది. తరువాతి కొన్ని వారాలు కుళాయి మూతులకున్న జాలీలు, వాషింగ్ మెషిన్ పైపు చివరనున్న చిన్న వడపోత జల్లెడ విప్పి చూస్తూ ఉండండి. రాలిన ముక్కలు అక్కడే చిక్కుకుంటాయి. షవర్ మూతిని విప్పి సిట్రిక్ ఆమ్లం కలిపిన గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రి నానబెడితే సరిపోతుంది.